చెయ్యి వెనక్కి తిప్పి

ఆయన పోయాడన్న కబురు మా పాత ఆయా తెచ్చింది. కబురుతో పాటు కొంగున ముడివేసి ఒక ఎండిపోయిన సగం అడ్డాకు కూడా తెచ్చింది. నేను అప్పటికి ఇంకో వారంలో రిటైరవబోతూ సబ్‌సెంటర్లో బీరువాలు సర్దుకుంటున్నాను. ఆయా చూపు తగ్గి పని మానేసి రెండేళ్ళయింది. కూతురింటి నుంచి తిన్నగా నా దగ్గరికే వచ్చానంది. గుమ్మంలో కూలబడి, ముడి విప్పి, ఆకు నా చేతిలో పెట్టింది.

"రేడియో మావ పోనాడమ్మా. తీగకి ఇదొక్కటే మిగిలిపోనాది. మీదే అయ్యుంటాదని అట్టుకొచ్చినాను."

నేను వెంటనే నమ్మలేదు. పోయాడన్నది నమ్మాను, ఆకు నాదంటే నమ్మలేదు. ఎవరి ఆకో నాకెందుకు తెచ్చింది? దీనివెనక ఏముంది? కొండమీద ముప్పై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో నాకు అబ్బిన గుణమిది. అనుమానం పెనుభూతం అంటారు గాని, నాకది ఇంట్లో మనిషే. కాస్త పుట్టుకతో వచ్చింది, మిగతాదంతా ఆ ముసలాయన దగ్గర నేర్చుకున్నాను.

అరకు శుక్రవారం సంతలో, పసుపు బస్తాల వరసకీ చీపుళ్ళ వరసకీ మధ్య ఒక మొండిగోడ ఉండేది. దానికి వీపు ఆనించి కూర్చునేవాడు. వెనకనుంచి ఎవరూ రాకూడదని ఆయన పట్టు. ముందర గోనెపట్టా, దానిమీద విప్పిన రేడియోలు, టార్చిలైట్లు. టీ తాగాలంటే కుర్రాడు తెచ్చిస్తే తాగేవాడు కాదు. లేచి బడ్డీ దగ్గరికి వెళ్ళి, కెటిల్లోంచి గ్లాసులోకి పడుతుండగా కళ్ళారా చూసి తాగేవాడు. ఆయనది ఏ ఊరో ఎవరికీ తెలీదు. టైడా స్టేషన్లో సిగ్నల్ పని చేసి మానేశాడని ఒకరు, రాజవొమ్మంగి వైపునుంచి ఏదో గొడవలో పారిపోయి వచ్చాడని ఇంకొకరు. నేనొకసారి అడిగాను. "నా ఊరు తెలిస్తే నీ రేడియో బాగా పలుకుద్దా?" అన్నాడు. ఆ తర్వాత అడగలేదు.

ఏ వస్తువు ఇచ్చినా రసీదు అడ్డాకే. మేం విస్తళ్ళు కుట్టుకునే ఆకు. దాన్ని అడ్డదిడ్డంగా రెండు ముక్కలు చింపి, ఒక సగం మనకిచ్చి, రెండో సగం మన వస్తువుకి గుర్తుగా తన దగ్గరి ఇనపతీగకి గుచ్చుకునేవాడు. మళ్ళీ మనం వెళ్ళినప్పుడు రెండు చింపులూ కలిపి చూసి, పన్ను పన్నుకీ సరిపోతేనే వస్తువు ఇచ్చేవాడు. కాగితం రాస్తే చదువొచ్చినవాడు చదువురానివాణ్ణి మోసం చేస్తాడట. ఒక ఆకు చింపు ఇంకో ఆకుకి ఛస్తే కలవదట.

నేను కొండకి కొత్తగా వచ్చినప్పుడు నా రేడియో ఇచ్చాను. నా సగం ఆకు కిటికీలో పెడితే మేక తినేసింది. సంతకి వెళ్ళి చెప్పాను. నా రేడియో నాకెదురుగా, గోనెపట్టా మీద, బాగుపడి పాట పాడుతోంది.

"ఆకేది?"

"మేక తినేసింది మేస్త్రీ."

"మేకని తోలుకురా."

"నేనెవరో మీకు తెలుసుగదా!"

"నువ్వు నర్సమ్మవని నాకు తెలుసు. ఆకుకి తెల్దు గదా."

రెండు సంతలు తిప్పాడు. మూడో సంతకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమైనా గుర్తు చెప్పమన్నాడు. బయటి గుర్తులు పనికిరావట, చూసి ఎవరైనా చెప్తారట. లోపలిది చెప్పమన్నాడు. రేడియో లోపల ఏముంటుందో నాకేం తెలుసు? కోపంకొద్దీ "బొద్దింకుంటుంది, మా ఇంటినిండా అవే" అన్నాను. ఆయన నిదానంగా స్క్రూలు విప్పి, స్పీకరు వెనక్కి తొంగిచూసి, ఎండిన బొద్దింకని కాలుపట్టుకుని బయటికి తీశాడు. రేడియో నా చేతిలో పెట్టాడు. బొద్దింకని మాత్రం తన డబ్బాలో దాచుకున్నాడు, సాక్ష్యం కాబోలు.

సెల్లులు చూసే మీటర్లు ఆయన దగ్గర రెండుండేవి. ఒకటి అబద్ధమాడితే రెండోది పట్టిస్తుందని. పొద్దున్నే ముందు తనకి తెలిసిన మంచి సెల్లు మీద రెండింటినీ పెట్టి చూసేవాడు. "ముందు మీటరు నిజం సెప్తందో లేదో సూడాల. సెల్లు సంగతి తరవాత." ఆయనకి ఒకసారి మలేరియా వచ్చింది. మాత్రలు పట్టుకుని వెళ్తే, "ముందు నువ్వు మింగు" అన్నాడు. సంతలో పదిమంది చూస్తున్నారు. మా మాత్రల మీద వాళ్ళందరికీ ఎలాగూ అనుమానమే. ఆ చేదు మాత్ర నీళ్ళు లేకుండా మింగాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, అప్పుడు మింగాడు. ఆ రోజు సాయంత్రానికి నా డబ్బాలో మాత్రలన్నీ అయిపోయాయి. నేను ఏడాదిగా చెప్పినా వినని జనం, ఆయన అనుమానం తీరాక నోరెత్తకుండా మింగారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, తర్వాత దానితోనే పనుంది. ఆ రోజుల్లో రేడియోకీ టార్చికీ వేసే లావుపాటి సెల్లులు మాకు బంగారంతో సమానం. అవి నీరసిస్తే పారేయనిచ్చేవాడు కాదు. "ఎండలో ఎట్టండి. వానాకాలమైతే పొయ్యిమీద అటకలో ఎట్టండి. ఎచ్చబడితే ఇంకో వారం ఆడుద్ది" అని సంత మొత్తానికీ నేర్పాడు. నిజంగానే ఆడేవి. మొక్కజొన్న కంకులూ విత్తనాలూ పొగకి ఆరే అటకమీద, ప్రతి ఇంట్లోనూ ఒక గుడ్డమూటలో సెల్లులు కూడా ఉండేవి. మా క్వార్టర్ వంటింట్లోనూ ఉండేవి. నేనూ పెట్టేదాన్ని.

తర్వాత రోజులు మారాయి. కొండమీదికి సెల్‌ఫోన్లు వచ్చాయి. పురుడు కష్టమైతే జీపు పిలవడానికని నేనొకటి కొన్నాను. సిగ్నల్ కావాలంటే ఊరిపక్క బోడిగుట్ట ఎక్కాలి. అది సరే, కరెంటు ఎక్కడిది? వాన పడితే నాలుగు రోజులు పోయేది. సబ్‌సెంటర్ కప్పుమీద ఎప్పుడో లైటు కోసం బిగించిన సోలార్ పలక ఒకటి ఊరికే పడి ఉంది. దాంతో ఫోను సెల్లు నింపే ఏర్పాటు చెయ్యమని ఆయన్ని అడిగాను. ఒకటి ఫోనులో ఉంటే ఇంకోటి నిండుతూ ఉండేలా మరో ఫోను సెల్లు కూడా కొన్నాను.

మూడు వారాలు తీసుకున్నాడు. ఆ కొత్త సెల్లు తీసుకుని, వాసన చూసి, సూదితో దాని లేబులు కింద మూడు చుక్కలు గీరాడు. మారిపోకుండా గుర్తట. మూడోవారం ఒక రేకు డబ్బా ఇచ్చాడు. దాని వీపున సత్తుగిన్నె మూత కోసి తీసిన రేకు, ఆ రేకుకి బోల్టుతో బిగించిన నల్లటి ట్రాన్సిస్టర్. లోపల అగ్గిపుల్ల తలంత చిప్పు ఒకటి, విశాఖపట్నం నుంచి తెప్పించాడట.

"పలకనుంచి పదిహేడు వోల్టులొత్తాది. నీ సెల్లుకి కావాల్సింది నాలుగు. తిన్నగా కలిపీస్తే ఏటవుద్ది?"

"కాలిపోతుంది."

"పేలిపోద్ది. అందుకే మద్దిలో ఈణ్ణి కూకోబెట్టినాను" అని ట్రాన్సిస్టర్ మీద వేలు పెట్టాడు. "సెల్లుకి అక్కరనేని వోల్టులన్నీ ఈడే మింగుతాడు. మింగిందంతా వేడైపోద్ది. ఈడికి ఎంత మింగాలో ఆ చిప్పు సెప్తాది."

నేను లెక్క వేశాను. "పదిహేడులో పదమూడు దండగేనా?"

"దండగే."

"దండగ లేని పెట్టెలు లేవా?"

"ఎందుకు నేవు? కరెంటుని ముక్కలు ముక్కలుగా నరికి ఇచ్చే రకం ఉన్నాది. దాన్లో ఎంత పోతందో, ఏ మూల పోతందో నీకూ నాకూ తెల్దు. దీన్లో పోయిందంతా ఇక్కడే పోద్ది, నీ సేతికి తగులుద్ది. ఎండకి డబ్బులా, దస్కమా? పోనీ. పోయింది కంటికి కనపడాల, అంతే."

అదీ ఆయన పద్ధతి. తక్కువ నష్టం కంటే తెలిసే నష్టం మేలు.

సెల్లుకి పెట్టెలో తిండి పెట్టే తీరు కూడా చెప్పాడు. పూర్తిగా ఎండిపోయి మూడు వోల్టుల కిందికి దిగిన సెల్లుకి ముందు గంజినీళ్ళలా కొంచెం కొంచెమే ఇస్తుంది. మూడు దాటాక ఒకటే ధార, హెచ్చూ ఉండదు, తగ్గూ ఉండదు. నాలుగు పాయింటు రెండుకి చేరేసరికి వోల్టుని అక్కడే పట్టి ఉంచుతుంది, ఆపైన ఒక్క చుక్క పెరగనివ్వదు. అక్కడినుంచి సెల్లే తాగడం తగ్గించుకుంటూ వస్తుంది. మొదటి ధారలో పదోవంతుకి దిగాక పెట్టె ఇవ్వడం మానేస్తుంది. వింటున్నకొద్దీ నాకు ఆశ్చర్యం వేసింది. ఎండుకుపోయిన పసిపిల్లలకి తిండి ఎలా మొదలుపెట్టాలో మా ట్రైనింగులో చెప్పినదీ ఇదే. ఒక్కసారి పెట్టేస్తే పిల్ల దక్కదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని పూర్తిగా నమ్మాను.

పలకనుంచి తీగలు తెచ్చి కలిపాడు. చిన్న ఎర్రలైటు వెలిగింది. "ఇది ఎలుగుతంటే తాగుతున్నట్టు, ఆరితే నిండినట్టు. గానీ నమ్మీకు. ముసలి సెల్లు రెండు గుక్కలు తాగి నిండిపోనానని నాటకమాడతాది. లైటు అబద్దమాడుద్ది నర్సమ్మా. వేడి ఆడదు. రేకు ముట్టుకో."

చెయ్యి పెట్టబోయాను. టక్కున నా మణికట్టు పట్టుకున్నాడు.

"అలాక్కాదు, ఎనక్కి తిప్పు. అరిసేత్తో ముట్టుకుంటే కరెంటు నిన్ను అట్టుకుంటాది. ఎనకపక్క ముట్టుకుంటే తోసీసుద్ది."

చెయ్యి వెనక్కి తిప్పి పెట్టాను. చురుక్కుమంది. జ్వరమొచ్చిన పిల్లల నుదురు నేను చూసేదీ అలాగే. ఆయనకి అది ఎవరు నేర్పారో తెలీదు గాని, ఒకే పని ఇద్దరం చేస్తున్నామని నాకు ఆ క్షణంలో సంతోషం కలిగింది.

"మొదట ఇలా కాలాల. ధార తగ్గేకొద్దీ సల్లబడాల. పూర్తిగా సల్లబడితే దానికింక అక్కర్లేనట్టు. పలక ఎండలో, పెట్టె నీడలో. మర్సిపోకు. పెట్టె ఎండలో ఎడితే ఏ వేడి ఎవులిదో తెల్దు."

ఊళ్ళో మాత్రం గుసగుసలు మొదలయ్యాయి. పెట్టె అంత వేడెక్కుతోందంటే సెల్లులో సారమంతా లాగేస్తోందన్నమాట, సాయంత్రానికి అదంతా ఆ ముసలాడి దగ్గరికి చేరుతుందన్నమాట, అని. నేను నవ్వేశాను. నవ్వుతూనే రోజుకి నాలుగుసార్లు రేకు ముట్టుకుని చూసుకునేదాన్ని.

నిండిన సెల్లు ఆయాకిచ్చి జాగ్రత్తగా దాచమనేదాన్ని. ఎక్కడ దాస్తోందో ఎప్పుడూ అడగలేదు. అన్నీ అడిగేదాన్ని, అదొక్కటీ అడగలేదు.

ఆ ఏడు చలికాలంలో ఎగువన ఒక ఊళ్ళో పురుడు పోయడానికి వెళ్ళాను. బిడ్డ బాగానే పుట్టింది. తల్లికి నెత్తురు ఆగలేదు. నా చేతిలో ఉన్నదంతా చేశాను. ఫోనులో సెల్లు అప్పటికే అయిపోతే, ఆయా దాచిన సెల్లు వేసుకుని ఆ ఊరి గుట్ట ఎక్కాను. మూత సరిగ్గా పడలేదు, సెల్లు పొట్ట ఉబ్బి ఉంది. జీపు డ్రైవరుకి రింగు వెళ్ళింది. ఒక్క రింగే. ఫోను నల్లబడిపోయింది. మళ్ళీ నొక్కాను, వెచ్చగా అరచేతిలో పెట్టి నులిమాను, ఏడ్చాను కూడా. ఆఖరికి డోలీ కట్టి, నలుగురు చొప్పున భుజాలు మార్చుకుంటూ రోడ్డుదాకా మోశారు. నేను ఆ తల్లి పొట్టమీద చెయ్యి తియ్యకుండా పక్కన పరిగెత్తాను. బతికింది. ఎలా బతికిందో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ భయమంతా కోపమైంది. కోపానికి ఒక మనిషి కావాలి. నాలుగు రోజుల తర్వాత శుక్రవారం వచ్చింది.

సంత నిండుగా ఉంది. వెళ్ళి ఉబ్బిన సెల్లు ఆయన గోనెపట్టా మీద విసిరాను. "నా కొత్త సెల్లు ఉంచుకుని, ఎవరిదో చచ్చిన సెల్లు నాకు అంటగట్టావు. దొంగవి నువ్వు. ఒక మనిషి ప్రాణం పోయేది" అని అరిచాను. అన్నేళ్ళూ మీరు అన్నదాన్ని, ఆ రోజు నువ్వు అన్నాను. పసుపు తూచేవాళ్ళు తూకం ఆపేశారు. ఆయా నా వెనకే బుట్ట పట్టుకుని నిలబడి ఉంది.

ఆయన తొణకలేదు. సెల్లు తీసుకుని గోరుతో లేబులు ఎత్తాడు. మూడు చుక్కలు. నాకు చూపించాడు, చుట్టూ ఉన్నవాళ్ళకీ చూపించాడు. సెల్లు నాదే. మారలేదు. అప్పుడాయన అలవాటు ప్రకారం సెల్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తలెత్తి, నన్ను కాదు, నా భుజం మీదుగా ఆయాని చూశాడు. ఆ చూపు ఎంతసేపుందో చెప్పలేను. నేను దాన్ని దొంగచూపు అనుకున్నాను. దొరికిపోయినవాడు దిక్కులు చూడ్డం అనుకున్నాను.

"తప్పు నాదే" అన్నాడు. "సెల్లు ఉబ్బింది నావల్లే."

ఇంక అంతే. ఆయన్ని తప్పు పట్టడం అదే మొదటిసారి సంతకి. జనం ఒక్కొక్కరే సగం ఆకులు పట్టుకొచ్చి వరసకట్టారు, బాగైనా బాగుకాకపోయినా మా వస్తువులు మాకిచ్చెయ్యమని. ఆయన ఆ గొడవలోనూ ఒక్కో ఆకూ కలిపిచూసే ఇచ్చాడు. తీగ ఖాళీ అయిపోయింది. నేను గెలిచాననుకుని ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. ఆ అన్నం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ తర్వాత ఆయన గోడ దగ్గర నాలుగైదు వారాలు కూర్చున్నాడు. గొడుగులూ టార్చిలూ తప్ప ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. ఒకరోజు నేను లేనప్పుడు వచ్చి మా ఆయాని అడిగి పెట్టె పట్టుకుపోయాడట. వారానికి తిరిగి పంపించాడు. కొత్తగా దాంట్లో మిరియపుగింజంత పూస ఒకటి, రెండు సన్నటి తీగలతో, సెల్లు పెట్టే చోట దాని పొట్టకి ఆనుకునేలా బిగించి ఉంది. లోపల ఒక సగం అడ్డాకు. ఒక్క మాట కూడా చెప్పి పంపలేదు. ఆయా తెచ్చిన సెల్లు పెట్టి చూశాను. లైటు వెలగలేదు. మర్నాడు పొద్దున్న సెల్లు మళ్ళీ తెప్పించి పెట్టి చూశాను. వెలగలేదు. కక్షకొద్దీ పాడుచేసి పంపాడని తేల్చుకుని, పెట్టెని స్టోర్ రూములో పాత వ్యాక్సిన్ డబ్బాల వెనక పడేశాను. తర్వాత ఆయన ఈ సంతకి రావడం మానేశాడు. ఎక్కడో ఆవలి లోయ సంతలో కూర్చుంటున్నాడని విన్నాను. పోయి చూడాలనిపించలేదు.

ఇప్పుడు ఆయా గుమ్మంలో కూర్చుని ఆకువైపు చూస్తోంది.

"నీకెవరు చెప్పారే ఇది నాదని?"

"ఇంకెవులిదమ్మా? మీ పెట్టెలో ఎట్టిన ఆకుకి ఇది రెండోది. 'పెట్టె ఇంకా నాదే, పరీచ్చకి ఇచ్చినాను, పని సేసినాదని నర్సమ్మ సెప్తే ఆకు కలుపుతాను, అప్పుడు ఆవిడదవుద్ది' అన్నాడు. మీరు సెప్పనేదు. ఆడు పోయేదాకా తీగకే ఉన్నాది."

"పనిచేస్తే కదా చెప్పడానికి?"

ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. "సెల్లు నాను పొయ్యిమీద అటకలో ఎట్టీదాన్నమ్మా."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది. అయినా మళ్ళీ చెప్పించాను.

"మీరు జాగర్త అన్నారు గదా. సలికి సెల్లు నీరసపడిపోద్దని, నిండిందాన్ని గుడ్డలో సుట్టి అటకలో ఎట్టీదాన్ని. పూర్వం రేడియో సెల్లులు అలాగే గదా ఎట్టీవోళ్ళం. ఆ రోజు సంతలో ఆడు వాసన సూసి నాకేసి సూసినాడు. పొగవాసన. ఆడికి తెలిసిపోనాది, నాకే సానా రోజులదాకా తెలీనేదు."

"మరి తప్పు నాదే అన్నాడేం?"

"నానూ అడిగినాను, కూతురింటికి ఎల్లినప్పుడు ఆవలి లోయ సంతలో కనపడితే. 'అటకలో ఎట్టమని ఈ కొండంతా సెప్పింది నానే గదే' అన్నాడు. 'పాత సెల్లుకి మంచి సేసిందే కొత్త సెల్లుకి ఇసం. మాట మార్సమని నాను సెప్పనేదు. తప్పు నాది గాక నీదా?' అన్నాడు. మీకు సెప్తానంటే ఒద్దన్నాడమ్మా. సెప్తే మీరు నన్ను తీసీసీవోరు."

తీసేసేదాన్నే. అందులో సందేహం లేదు. దానిది టెంపరరీ ఉద్యోగం, నా సంతకం చాలు.

అందరినీ, అన్నిటినీ అనుమానించిన మనిషి. మీటరుని అనుమానించాడు, టీ గ్లాసుని అనుమానించాడు, మందుమాత్రని అనుమానించాడు. ఆ రోజు అనుమానం తిప్పి తిప్పి తనమీదే పెట్టుకున్నాడు, పరీక్ష చేసుకున్నాడు, తప్పు దొరికింది, ఒప్పుకున్నాడు. నేను అందరినీ అనుమానించాను, నన్ను తప్ప. ఆయన దగ్గర సగం విద్యే నేర్చుకున్నానన్నమాట.

స్టోర్ రూములోకి వెళ్ళి డబ్బాలన్నీ లాగి పెట్టె వెతికాను. దుమ్ములో ఉంది. లోపల నా సగం ఆకు పెళుసెక్కి ఉంది. రెండు సగాలూ బల్లమీద పెట్టి కలపబోయాను. అంచులు పొడిపొడిగా రాలిపోయాయి. ఒకచోట కలిసినట్టే ఉంది, ఇంకోచోట వేలు పట్టేంత ఖాళీ. ఆయనుంటే ఇచ్చేవాడు కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, నా విషయంలో అక్షరాలా ఇదే.

"ఆ పూస దేనికో సెప్పినాడా?" అని అడిగాను. ఇన్నేళ్ళ సావాసంలో నాకూ వాళ్ళ యాస వచ్చేస్తుంటుంది.

"సెల్లు ఏడిగా ఉంటే అది పెట్టెకి సెప్పీసుద్దంట. పెట్టె ఇంక ఇవ్వదంట, సల్లబడిందాకా. 'నాను ఇంటింటికీ ఎల్లి సెప్పనేను, ఇది సెప్తాది' అన్నాడు. మీరు సూసిన రెండుసార్లూ నాను అటకమీంచి అప్పుడే తీసి ఇచ్చినానమ్మా."

అయినా నాకు అనుమానం పోలేదు. నిజం చెప్పాలి కదా, పోలేదు. చచ్చిపోయినవాడి గురించి అందరూ మంచే చెప్తారు. ఆయా తన తప్పు దాచుకోడానికి కథ అల్లుతోందేమో. పెట్టె అప్పుడే పాడైందేమో. ఆయన చెప్పినట్టే చూడాలి, మాట కాదు.

కప్పుమీద పలక ఇంకా ఉంది, తీగలు కిటికీలోంచి వేలాడుతున్నాయి. వాటి కొసలు గీకి పెట్టెకి కలిపాను. పెట్టెని గదిలో నీడన, చల్లటి గచ్చుమీద పెట్టాను. నా ఫోనులో సెల్లు తీశాను. అదీ పెట్టెకి సరిపోయే ఆ పాత రకందే, సగానికి పైగా అయిపోయి ఉంది. ముందు దాన్ని గుడ్డలో చుట్టి, పొద్దుటి అన్నం గిన్నె దింపిన పొయ్యి గట్టుమీద కాసేపు ఉంచాను. బాగా వెచ్చబడ్డాక తెచ్చి పెట్టెలో పూసకి ఆనించాను. లైటు వెలగలేదు. రేకు ముట్టుకున్నాను, గచ్చంత చల్లగా ఉంది.

సెల్లు తీసి తడిలేని సత్తుపళ్ళెంలో పెట్టి, ఇద్దరం దానికి చెరోపక్కా కూర్చున్నాం. ఆయా వాళ్ళ మనవరాలి కబుర్లు ఏవో చెప్పింది. నేను వినలేదు. సెల్లు మామూలుగా అయ్యాక మళ్ళీ పూసకి ఆనించాను.

"లైటొచ్చినాదా అమ్మా?" అంది ఆయా. దానికి చూపు ఆనదు.

నేను లైటు వైపు చూడలేదు. కాసేపు ఆగి, చెయ్యి వెనక్కి తిప్పి రేకు మీద పెట్టాను.

కాలింది.